మన జిల్లాల పేర్లు, ముఖ్యపట్టణములు

"తమది ఏ ఊరు?" అని ఎవరైన అడిగినచో మనము ఊరి పేరు చెప్పుదుము. అడిగినవారి ముఖమున గుర్తింపు కానరానిచో వెంటనే "ఫలానా జిల్లా" అని చేర్చుదుము. ఊరెరుగనివారికి ఊరి జాడ తెలుపు గుర్తు జిల్లా. పెండ్లి శుభలేఖలోను, భూమి దస్తావేజులోను, బడి విడిచిన విద్యార్థి చేతికిచ్చు పత్రములోను, కవి జీవితచరిత్ర మొదటి పంక్తిలోను ఈ మాట తప్పక ఉండును. ఇంత తరచుగా వ్రాయు మాట కనుక అది కొండవలె, ఏటివలె అనాదిగా ఉన్నదని తోచుట సహజము. కాని జిల్లా కొండ కాదు, ఏరు కాదు. అది మనుష్యులు గీచిన గీత. ఆ గీత మారును. దానికి పెట్టిన పేరు మారును. దానిలోపల అధికారి కొలువుండు పట్టణమును మారును. ఈ మూడును ఒక్కసారిగా మారవు. ఒకటి మారి రెండు నిలిచియుండుటచేతనే మన జిల్లాల పేర్లలో పెక్కు వింతలు కనబడుచున్నవి. ఏది ఎప్పుడు మారినదో, ఎందుకు మారినదో కొంత విచారింతము.

జిల్లా అను మాట అరబ్బీ నుండి పారసీ మీదుగా మనకు వచ్చినది. మూలమున దానికి ప్రక్కటెముక అని, ప్రక్క అని అర్థము. జిల్లాకు అధిపతియైన కలెక్టరు పేరు ఆంగ్లము. శిస్తు వసూలు చేయువాడని ఆ పదమునకు అర్థము. 1772లో వారన్ హేస్టింగ్సు బంగాళములో ఈ ఉద్యోగమును ఏర్పరచెను. అంతకుముందు మన దేశములో ఇట్టి విభాగములు లేవని తలపరాదు. శాసనములు చూచినచో విషయము, రాష్ట్రము, నాడు, సీమ అను పేర్లతో విభాగములు కానవచ్చును. వేంగినాడు, వెలనాడు, పాకనాడు, ములికినాడు, రేనాడు, పల్నాడు అట్టివి. ఆ నాడుల ఎల్లలు చెరిగి శతాబ్దములు గడచినను, వెలనాటివారు, ములికినాటివారు అని శాఖల పేర్లలో అవి ఇంకను వినబడుచునే యున్నవి. ప్రభుత్వము మరచిన పేరును ప్రజలు దాచిపెట్టుకొందురనుటకు ఇది మొదటి నిదర్శనము.

ఇక ఆంగ్లేయుల కాలమునకు వత్తము. సముద్రతీరమునందలి ఉత్తర సర్కారులు ఐదు: చికాకోలు, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలము ఫర్మానాచేతను, 1766లో నిజాముతో జరిగిన ఒడంబడికచేతను ఇవి ఈస్టిండియా కంపెనీ వశమగుటకు మార్గమేర్పడెను. గుంటూరు మాత్రము 1788లో చేతికి వచ్చినది. తరువాత కలెక్టరులను నియమించినప్పుడు వారి జిల్లాలకు వారు నివసించు పట్టణముల పేర్లే పెట్టిరి. గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు, నెల్లూరు, ఇట్లు వరుసగా అన్నియు ఊళ్ల పేర్లే. పట్టణము పేరే జిల్లాకు పెట్టుట సులభమైన పద్ధతి. కాని పట్టణము నిలకడగా ఉండవలె గదా! గంజాము జిల్లాకు మొదట గంజామే ముఖ్యపట్టణము. 1815 ప్రాంతమున అచ్చట విషజ్వరములు చెలరేగి జనులు పడిపోవగా కచేరీలు తరలిపోయినవి. తరువాత ఛత్రపురము ముఖ్యపట్టణ మాయెను. ఊరు క్షీణించినను జిల్లాకు ఆ ఊరి పేరు మాత్రము నిలిచిపోయెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు ఆ జిల్లా ఆ రాష్ట్రమున చేరినది.

1859లో ఒక గొప్ప మార్పు జరిగినది. రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు అను మూడు జిల్లాలను కలిపి రెండుగా విభజించి గోదావరి జిల్లా, కృష్ణా జిల్లా అని పేర్లు పెట్టిరి. ఊళ్ల పేర్లు పోయి నదుల పేర్లు వచ్చినవి. దీనికి కొలదికాలము ముందే ధవళేశ్వరమున సర్ ఆర్థరు కాటను గోదావరికి ఆనకట్ట కట్టెను. 1852 నాటికి అది పూర్తియైనది. బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాలువలు పారి, పొలములు పండి, నది పేరే సీమకు జీవమైన దినములవి. ఆ దినములలో జిల్లాకు నది పేరు అమరుట ఎంతయు సహజము.

ఈ మార్పుచే గుంటూరు జిల్లా పేరు పటము మీద నుండి 45 సంవత్సరములు తొలగిపోయెను. 1904లో మరల గుంటూరు జిల్లా ఏర్పడెను. కనుక 1890లో వ్రాసిన ఒక దస్తావేజులో తెనాలి కాని, నరసరావుపేట కాని కృష్ణా జిల్లాలోనివని యున్నచో అది వ్రాయసకాని పొరపాటు కాదు. ఆనాడు అవి నిజముగా కృష్ణా జిల్లాలోనివే. 1904లోనే ఇంకొక మార్పు జరిగినది. ఏలూరు, తణుకు, భీమవరము, నరసాపురము మొదలగు తాలూకాలను గోదావరి జిల్లా నుండి కృష్ణా జిల్లాకు మార్చిరి. 1925లో వాటినే విడదీసి పశ్చిమగోదావరి జిల్లాను ఏర్పరచిరి. పాత గోదావరి జిల్లా తూర్పుగోదావరి యైనది. అనగా పశ్చిమగోదావరి పుట్టినది గోదావరి జిల్లా నుండి కాదు, కృష్ణా జిల్లా నుండి! పేరు మాత్రము చూచినవారికి ఈ సంగతి తట్టదు.

ముఖ్యపట్టణముల ఎంపికకు కారణము లేమి? ఆ కాలమున సర్కారు సొమ్ము, సరుకు, ఉత్తరువు అన్నియు ఓడలమీద వచ్చుచుండెను. రేవు ఉన్నచోట కచేరీ ఉండుట అనుకూలము. కృష్ణా జిల్లాకు మచిలీపట్టణము, గోదావరి జిల్లాకు కాకినాడ అట్లే కేంద్రములైనవి. మచిలీపట్టణమున డచ్చివారు, ఇంగ్లీషువారు పదునేడవ శతాబ్ది ప్రారంభముననే వర్తకము సాగించిరి. దానిని ప్రజలు బందరు అనెదరు. బందరు అనగా పారసీ భాషలో రేవు. కచేరీ కాగితములందు మచిలీపట్టణము, నోటి మాటలో బందరు, ఇట్లు రెండు పేర్లును పక్కపక్కనే బ్రతికినవి. 1864 నవంబరులో తుపాను తెచ్చిన ఉప్పెన ఆ పట్టణమును ముంచివేసినది. సుమారు 30,000 మంది మరణించిరి. రేవు క్షీణించినది. రైలు, వంతెన, కాలువలు కలిసివచ్చి బెజవాడ వృద్ధినొందినది. అయినను జిల్లా కచేరీ బందరును విడువలేదు. వర్తకము బెజవాడలో, కలెక్టరు బందరులో, ఇదియే కృష్ణా జిల్లా వాసులకు చిరకాలము పరిచితమైన ఏర్పాటు.

గోదావరి జిల్లాలో ఈ విభాగము వేరొక రీతిగా ఉండెను. కలెక్టరు కాకినాడలో, జిల్లా జడ్జి రాజమహేంద్రవరములో. శిస్తు వ్యవహారమున్నవాడు సముద్రమువైపును, వ్యాజ్యమున్నవాడు నదివైపును బండి కట్టుకొనవలసి వచ్చెడిది. రాజమహేంద్రవరము పేరు చాళుక్యరాజైన రాజరాజనరేంద్రునివలన వచ్చినదని కొందరును, అంతకు పూర్వుడై రాజమహేంద్ర బిరుదము దాల్చిన అమ్మరాజు వలన వచ్చినదని కొందరును చెప్పుదురు. ఆంగ్లేయుల నోట అది రాజమండ్రియై, 2015లో ప్రభుత్వ పత్రములయందు మరల రాజమహేంద్రవర మాయెను.

ఇక దత్తమండలములు. 1800లో నిజాము కంపెనీవారికి దత్తము చేసిన సీమలు గనుక వాటికా పేరు. సర్ థామసు మన్రో వాటికి ప్రధాన కలెక్టరుగా అనంతపురమున నివసించెను. అప్పుడు అనంతపురము జిల్లా అనునది లేదు. అది బళ్లారి జిల్లా నుండి విడిపోయి 1882లో ఏర్పడినది. ఊరి పేరునకు విజయనగర రాజుల కాలమున త్రవ్వించిన అనంతసాగరమను చెరువు మూలమనియు, అనంత యనునది ఒక రాజవనిత పేరనియు చెప్పుదురు. కడప జిల్లాకు కొంతకాలము సిద్ధవటము కేంద్రమై యుండెను. పెన్న పొంగినప్పుడు ఆ ఊరికి రాకపోకలు తెగిపోవుచుండెడివి. తరువాత కచేరీ కడపకు మారెను. కడప అనునది గడప. తిరుమల వేంకటేశ్వరుని దర్శనమునకు ఉత్తరమునుండి పోవు యాత్రికులకు ఇది గడపయని, ఇచ్చటి దేవుని కడపలో స్వామిని సేవించి ముందుకు సాగుదురని ప్రసిద్ధి. కర్నూలు నవాబు పాలన 1839లో ముగియగా 1858లో అది జిల్లా ఐనది. చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణముగా ఉండి, 1911లో తన పేరనే ఒక జిల్లాకు తల్లి యైనది. అరవములో చిఱ్ఱూరు అనగా చిన్న ఊరు. చిన్న ఊరను పేరు గలది పెద్ద జిల్లాకు కేంద్రమగుట పేర్లలోని చమత్కారము.

'దత్తము' అను మాట ఆ సీమవారికి నచ్చలేదు. ఎవరో ఎవరికో ధారపోసిన నేల అను అర్థము ఎవరికి రుచించును? 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భమున రాయలసీమ అను పేరు ముందుకు వచ్చినది. చిలుకూరి నారాయణరావు గారు దానిని సూచించిరని ప్రసిద్ధి. ఏ ప్రభుత్వ ఉత్తరువు లేకయే ఆ పేరు జనుల నోళ్లలో నిలిచిపోయెను. నేడు దత్తమండలమనిన చరిత్ర చదివినవారికి గాని తెలియదు. ఒక ప్రాంతము తనకు తాను పెట్టుకొన్న పేరునకు ఉండు బలమిది.

ఇచ్చట పేర్ల కథలను గూర్చి ఒకమాట చెప్పవలసి యున్నది. కథ వేరు, ఆధారము వేరు. కర్నూలుకు కందెనవోలని పాతపేరు. అలంపురమున ఆలయములు కట్టునప్పుడు రాళ్లు తెచ్చు బండ్లు తుంగభద్ర దాటుటకు ముందు ఇచ్చట ఆగి చక్రములకు కందెన పూసికొనెడివని కథ. బండి నడిపినవానికి ఈ కథ వెంటనే నచ్చును. శ్రీకాకుళమును ఆంగ్లేయులు చికాకోలనిరి. వసూలైన సొమ్ము మూటల ముడి విప్పు చోటు గనుక ఆ పేరు వచ్చెనని ఉరుదూ మాటలతో పొసగించి ఒక కథ చెప్పుదురు. కృష్ణాతీరమున ఆంధ్రమహావిష్ణువు కొలువైన మరియొక శ్రీకాకుళము కలదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదకు సంబంధించినది ఆ శ్రీకాకుళమే. ఒకే పేరు రెండుచోట్ల ఉన్నప్పుడు ఉరుదూ కథ ఒకచోటికి మాత్రమే ఎట్లు పొసగునని విమర్శకుడు ప్రశ్నింపవచ్చును. నెల్లూరు నెల్లి యనగా ఉసిరి చెట్టునుబట్టి వచ్చినదని ఒకరు, అరవములో నెల్లు అనగా వరి గనుక వరిపంటనుబట్టి వచ్చినదని ఒకరు చెప్పుదురు. తిక్కన సోమయాజి కాలమున అది విక్రమసింహపురి. విశాఖపట్టణమునకు సముద్రమున మునిగిపోయిన విశాఖేశ్వరాలయము మూలమని ఐతిహ్యము. శాసనములలో దానికి కులోత్తుంగచోళపట్టణమను వేరు పేరు కనబడుచున్నది. గుంటూరు గర్తపురి యనియు, కుంటలున్న ఊరనియు చెప్పుదురు.

ఇట్టి కథలను నమ్మవలెనా, త్రోసివేయవలెనా? రెండును అక్కరలేదు. శాసనము ఆ పేరు ఎంత ప్రాచీనమో తెలుపును. కథ ఆ ఊరివారు తమ్మును తాము ఎట్లు భావించుకొన్నారో తెలుపును. కందెన కథ నిజమైనను కాకున్నను కర్నూలు రేవు దాటింపునకు, బండ్ల త్రోవకు పేరుపొందిన చోటని దానివలన తెలియుచున్నది. కథను కథగా, ఆధారమును ఆధారముగా వేరువేరుగా దాచికొనుట వివేకము.

తెలంగాణమునకు పోదము. మొదటి సాలారు జంగు దివానుగా ఉన్న కాలమున, 1865 ప్రాంతమున, జిల్లాబందీ జరిగినది. అప్పటి జిల్లా కేంద్రములు కొన్ని పాత కోటలయొద్దనే ఉండెను. మానేరు ఒడ్డున ఎలగందుల దుర్గము అట్టిది. తరువాత కేంద్రము కరీంనగరమునకు మారి, 1905లో జిల్లాకును ఆ పేరే వచ్చినది. సయ్యదు కరీముద్దీనను దుర్గాధిపతి పేర వెలసినది ఆ ఊరు. ఆ సంవత్సరముననే ఇందూరు జిల్లా నిజామాబాదైనది. పాలమూరునకు 1890లో ఆరవ నిజాము మహబూబు అలీఖాను పేర మహబూబునగరమని పేరు పెట్టిరి. కాని పాలమూరు అను పేరు పోలేదు. దూరదేశములకు పోయి ఆనకట్టలు, కాలువలు త్రవ్విన కష్టజీవులను పాలమూరు కూలీలనియే దేశమెల్ల ఎరుగును. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునకు 2015లో శంకుస్థాపన జరుగగా, నూట ఇరువది యేండ్లు దాటిన పిమ్మట ఆ పాతపేరు మరల ప్రభుత్వ పత్రములకు ఎక్కినది. ఇతరుల పొలములకు నీరు తెచ్చిన చేతుల పేరు తమ పొలములకు నీరు తెచ్చు పథకమునకు వచ్చుట గమనింపదగిన విషయము.

మెదకు మెతుకు నుండి వచ్చినదని చెప్పుదురు. ఆ దుర్గమునకు మెతుకుదుర్గమని పేరు. అన్నపు మెతుకును పేరుగా గల జిల్లా మరియొకటి ఉన్నట్లు తోచదు. ఆ జిల్లాకు 2016 వరకు ముఖ్యపట్టణము సంగారెడ్డి. పేరు ఒకచోటిది, పీఠము ఒకచోటిది. వరంగల్లు ఓరుగల్లు. ఓరుగల్లనగా ఒంటిరాయి. సంస్కృతమున ఏకశిలానగరము. కాని జిల్లా కచేరీ చిరకాలము ఉండినది కాకతీయుల తొలి రాజధానియైన హనుమకొండలో. పూర్వము సుబేదారుండిన చోటు గనుక అచ్చటి పేటకు సుబేదారి అని నేటికిని పేరు. 1953లో వరంగల్లు నుండి విడిపోయి ఖమ్మము జిల్లా ఏర్పడెను. ఖమ్మమనగా కంబము. సంస్కృతమున స్తంభాద్రి. నల్లగొండకు నీలగిరి యని వెనుకటి పేరు. రెంటికిని అర్థమొక్కటే. ఆదిలాబాదు పేరు బిజాపూరు ఆదిల్షాహీల వలన వచ్చినదని ప్రసిద్ధి.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు ఆంధ్రమున 11, తెలంగాణమున 9, మొత్తము 20 జిల్లాలుండెను. వాటి పేర్లను చూడుడు. నదులు, కొండలు, కోటలు, చెరువులు, దేవాలయములు, వెనుకటి రాజులు, నవాబులు. మన తాతలకు తెలిసిన ప్రజానాయకుని పేరొక్కటియు లేదు. ఆ త్రోవ తెరచినది ఒంగోలు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి కొన్ని తాలూకాలను తీసి ఒంగోలు జిల్లాను నిర్మించిరి. 1972లో దానికి ప్రకాశము జిల్లాయని పేరు మార్చిరి. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో జన్మించిరి. అది వారి శతజయంతి సంవత్సరము. 1978లో హైదరాబాదు చుట్టుపట్ల పల్లెలతో ఏర్పడిన జిల్లాకు ఉపముఖ్యమంత్రిగా పనిచేసిన కొండా వెంకటరంగారెడ్డి గారి పేరు వచ్చినది. ఆ జిల్లా కలెక్టరు కార్యాలయము చిరకాలము హైదరాబాదు నగరముననే యుండెను. అనగా తన ముఖ్యపట్టణము తన ఎల్లలలోపల లేని జిల్లా అది. 1979లో విజయనగరము జిల్లాతో సంఖ్య 23 ఆయెను. 2008లో నెల్లూరునకు అమరజీవి పొట్టి శ్రీరాములు గారి పేరును, 2010లో కడపకు వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి పేరును చేర్చిరి.

2014లో తెలంగాణము వేరు రాష్ట్రమైన పిమ్మట జిల్లాలు వేగముగా పెరిగినవి. 2016 విజయదశమినాడు, అక్టోబరు 11న, తెలంగాణమున 10 జిల్లాలు 31 ఆయెను. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయినవి. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినవి. తరువాతను మార్పులు సాగుచున్నవి. దూరపు పల్లెవాసికి కచేరీ దగ్గరగుట ఒక లాభము. మూటకట్టుకొని ముందురాత్రియే బయలుదేరవలసిన అవసరము తప్పినది.

ఈ క్రొత్త జిల్లాలలో పాతపేరును, క్రొత్తపేరును జతపరచు రీతి విశేషముగా కనబడును. కొన్నింట దేవతల పేర్లు: జోగులాంబ గద్వాల, యాదాద్రి భువనగిరి, రాజన్న సిరిసిల్ల, భద్రాద్రి కొత్తగూడెము. కొన్నింట ప్రజల మనిషి పేరు: జయశంకర్ భూపాలపల్లి, కొమరం భీం ఆసిఫాబాదు. ఈ చివరి పేరును కొంచెము నిదానించి చూడుడు. అసఫ్‌జాహీ వంశపు పేర వెలసిన ఊరు ఆసిఫాబాదు. ఆ వంశపు ప్రభుత్వముపై అడవిబిడ్డల హక్కులకై పోరాడి, 1940లో జోడేఘాటున నేలకొరిగినవాడు కొమరం భీము. ప్రభువును, తిరుగుబాటుదారును ఒకే జిల్లా పేరులో ఒకరి ప్రక్క ఒకరు నిలిచిరి. ఏ చరిత్రగ్రంథమును ఇంత క్లుప్తముగా ఈ కథ చెప్పజాలదు.

ఆంధ్రప్రదేశమున పల్నాడు, కోనసీమ అను ప్రాచీన నామములు జిల్లాలుగా మేల్కొన్నవి. శాసనముల నాటి నాడు మరల ప్రభుత్వ ముద్ర వేయించుకొన్నది. పల్నాటికి కేంద్రమైన నరసరావుపేట మాత్రము ఒక జమీందారు పేర వెలసిన ఊరు. కోనసీమకు అమలాపురము కేంద్రము. దానికి డాక్టరు అంబేద్కరు పేరు చేర్చునప్పుడు 2022 మే నెలలో అల్లరులు చెలరేగినవి. పేరనునది వట్టి శబ్దము కాదని, అందు గౌరవము, హక్కు, స్థానము ఇమిడియున్నవని నాటి ఉద్రిక్తత తెలిపినది.

కొన్ని పేర్లు తమ జన్మస్థానమును తప్పిపోయినవి. బెజవాడ కేంద్రముగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడినది. కాని నందమూరి తారకరామారావు గారు పుట్టిన నిమ్మకూరు 2022 విభజనలో కృష్ణా జిల్లాలోనే ఉండిపోయినది. పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. ఆయన అసువులు బాసిన కొయ్యూరు ఆ జిల్లాలోనిదే. కాని ఆయన సమాధియున్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో పడినది. ఇది ఎవరి తప్పును కాదు. పేరు పెట్టువాడు మనిషిని చూచును. గీత గీయువాడు దూరమును, జనసంఖ్యను, త్రోవలను చూచును. ఆ ఇద్దరి చూపును ఒక్కచోట కలియుట అరుదు.

ఇంతకును ఇదంతయు మనకేల అందురేమో. ఒక్క ఉదాహరణము చాలును. ఒంగోలులో 1900లో పుట్టిన శిశువు నెల్లూరు జిల్లాలో పుట్టినట్లు లెక్క. ఆ శిశువు నాలుగవ యేట అక్షరాభ్యాసము జరుగునాటికి ఊరు గుంటూరు జిల్లాలోనిది. 1970లో, డెబ్బదవ యేట, ఒంగోలు జిల్లా. రెండేండ్లకు ప్రకాశము జిల్లా. ఆ మనిషి ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు. నాలుగు జిల్లాలు ఆ ఇంటిమీదుగా నడచిపోయినవి. ఆ కుటుంబపు భూమి కాగితములు వెదకు మనుమడు ఒక్క ప్రకాశము జిల్లా యని మాత్రమే తలచినచో పాత దస్త్రములలో అతనికి ఏమియు దొరకదు.

భద్రాచలము ఇంతకంటెను చిత్రము. 1860లో నిజాము నుండి ఆంగ్లేయులకు వచ్చి మధ్యపరగణాలలో చేరినది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినది. తరువాత తూర్పుగోదావరి. 1959లో ఖమ్మము. 2014లో దాని చుట్టుపట్ల మండలములు ఆంధ్రప్రదేశములోనికి పోగా పట్టణము తెలంగాణమున నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా. రాముడు కొండదిగలేదు. యాత్రికుని చిరునామా మాత్రము ఇన్నిమార్లు మారినది.

సాహిత్య చరిత్రలోను ఈ జాగ్రత్త కావలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తూర్పుగోదావరి జిల్లావారని పుస్తకములందు వ్రాయుదురు. వారు 1848లో పుట్టినప్పుడది రాజమహేంద్రవరము జిల్లా. వారి పదునొకండవ యేట అది గోదావరి జిల్లా. 1919లో వారు గతించిన ఆరేండ్లకు గాని తూర్పుగోదావరి యను పేరు పుట్టలేదు. గురజాడ అప్పారావు గారు 1915లో గతించిరి. విజయనగరము జిల్లా వారు పోయిన 64 యేండ్లకు ఏర్పడినది. వారు జన్మించిన రాయవరము ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. "నేటి జిల్లా" అని రెండు మాటలు చేర్చి వ్రాసినచో ఈ చిక్కంతయు తీరును.

కాబట్టి నా మనవి యొక్కటి. ప్రతి ఇంటను ఒక చిన్న పుస్తకములో మీ ఊరి పేరు, అది పూర్వము ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండెనో, ఏ సంవత్సరమున మారినదో వ్రాసి ఉంచుడు. ఆంధ్రప్రదేశమున 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. తాలూకా పేర్లు తెలిసిన పెద్దలు ఇంటిలో ఉన్నయెడల వారినే అడుగుడు. ఆ ఊరికి ఆ పేరెట్లు వచ్చినదని వారు చెప్పు కథను వారి మాటలలోనే వ్రాసికొనుడు. గుడిలో శాసనమున్నచో అందు ఊరి పేరు ఎట్లున్నదో బడిపంతులుగారిని అడిగి దానిక్రింద వ్రాయుడు. కథయు, ఆధారమును పక్కపక్కనే ఉండనిండు. దానికి ఒక పుట చాలును.

పేర్లు మార్చు అధికారము ప్రభుత్వమునకు కలదు. గీతలు గీయుటకు కారణములును కలవు. పాతపేరును గుర్తుంచుకొను పని మాత్రము ఇంటిది. రేపు గీత మరల మారినను, మీ పిల్లలకు తమ ఊరి త్రోవ ఆ ఒక్క పుటలో దొరకును.